తీర్పు చెప్పని నలుపు: జార్జ్ రువో ‘మిసెరేరే’ ముద్రలు

సభలోని పెద్దలకు, చిత్రకళ నేర్చుకుంటున్న విద్యార్థులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను చూపించబోయే బొమ్మల్లో నలుపు, తెలుపు, వాటి మధ్య బూడిద ఛాయలు తప్ప మరే రంగూ లేదు. మొత్తం 58 బొమ్మలు, అన్నీ రాగి ప్లేట్ల మీద చేసి కాగితం మీద అచ్చుతీసిన ముద్రలు. ఒక్కొక్క కాగితం సుమారు 65 సెంటీమీటర్ల ఎత్తు, 50 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. వీటిని చేసిన ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ రువో తన తైలవర్ణ చిత్రాల్లో ఎరుపునూ నీలాన్నీ నిప్పులా మండించినవాడు, చిత్రకారుడు మాతీస్‌తో కలిసి చదువుకున్నవాడు. 1905లో పారిస్ శరదృతు ప్రదర్శనలో రంగుల హోరుతో విమర్శకులను బెదరగొట్టిన ఫావ్ చిత్రకారుల పేర్లు చెప్పేటప్పుడు ఇతని పేరు కూడా చెబుతారు. అటువంటి మనిషి తన జీవితంలోకెల్లా పెద్ద పనిని పూర్తిగా నలుపులో చేశాడు. ఆ పనికి ‘మిసెరేరే’ అని పేరు పెట్టాడు.

లాటిన్‌లో ఆ మాటకు ‘కరుణించు’ అని అర్థం. కీర్తనల గ్రంథంలో 51వ కీర్తన లాటిన్ పాఠం ఈ మాటతోనే మొదలవుతుంది. తెలుగు బైబిలు చదివేవారికి ఆ వాక్యం బాగా తెలుసు: “దేవా, నీ కృపచొప్పున నన్ను కరుణింపుము.” నేను పెరిగిన ఊళ్లో ఈస్టరుకు ముందు వచ్చే లెంటు దినాల్లో మా నాయనమ్మ ఈ కీర్తనను పుస్తకం తెరవకుండానే మొదటినుంచి చివరిదాకా చెప్పేది. ‘నన్ను’ అన్న చోట ఆమె గొంతు కొంచెం తగ్గేది. చాలా ఏళ్ల తరువాత రువో ముద్రలను మొదటిసారి చూసినప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చింది ఆ గొంతే. ఈ కీర్తన చదివే మనిషి ఎవరినీ వేలెత్తి చూపడు, తనను తానే బోనులో నిలబెట్టుకుంటాడు. ఈ 58 బొమ్మల్లో ఉన్న మనోధర్మం కూడా అదే అని నా నమ్మకం. ఈరోజు నేను చెప్పదలచుకున్న విషయం ఇదొక్కటే కనుక మిగిలిన సంగతులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

రువో 1871 మే 27న పారిస్‌లో బెల్‌విల్ అనే శ్రామికుల పేటలో పుట్టాడు. ఆ తేదీని గమనించండి. పారిస్ జనం తిరగబడి ఏర్పరచుకున్న పారిస్ కమ్యూన్‌ను ప్రభుత్వ సేనలు నెత్తురుటేర్లలో ముంచి అణచివేసిన వారం అది. వీధుల్లో ఫిరంగులు పేలుతుంటే ఇంటివాళ్లు నేలమాళిగలో తలదాచుకున్నారు, పిల్లవాడు అక్కడే పుట్టాడు. తండ్రి చెక్కపని చేసే కార్మికుడు. తల్లి తరఫు తాతకు బొమ్మలంటే ప్రాణం. ఆయన వ్యంగ్య చిత్రకారుడు దొమియే వేసిన లితోగ్రాఫులను, అంటే రాతిమీద గీసి అచ్చుతీసిన బొమ్మలను, సేకరించేవాడు. తన మొదటి బడి దొమియే అని రువో తరువాతి రోజుల్లో చెప్పుకున్నాడు. పద్నాలుగేళ్ల వయసులో అతన్ని పాత చర్చిల రంగుటద్దాల కిటికీలను బాగుచేసే పనివాళ్ల దగ్గర పనికి పెట్టారు. పగలు అక్కడ పనిచేసి రాత్రిళ్లు బొమ్మలు గీయడం నేర్చుకునేవాడు. 1890లో పారిస్‌లోని చిత్రకళా విద్యాలయం ఎకోల్ దే బోజార్‌లో చేరాడు. అక్కడ చిత్రకారుడు గుస్తావ్ మొరో అతనికి గురువై, తండ్రి అంతటివాడయ్యాడు. 1898లో మొరో చనిపోయినప్పుడు రువో చాలాకాలం దిక్కుతోచని స్థితిలో పడ్డాడు. గురువు ఇంటిని మ్యూజియంగా మార్చినప్పుడు దానికి మొదటి క్యూరేటర్‌గా ఇతన్నే నియమించారు.

రువో నల్ల గీతల గురించి మాట్లాడే ప్రతివారూ ఆ రంగుటద్దాల పనిని తలుస్తారు. అద్దం ముక్కలను పట్టి ఉంచే సీసపు పట్టీలే తరువాత అతని బొమ్మల్లో లావైన నల్లని అంచులయ్యాయని అంటారు. తైలవర్ణ చిత్రాల విషయంలో అది నిజమే. కానీ మిసెరేరే దగ్గర ఆ పోలిక సగమే పనిచేస్తుంది. కిటికీకి వెలుగు వెనకనుంచి, సూర్యుడి నుంచి వస్తుంది, పనివాడు దానికి దారి ఇస్తే చాలు. రాగి రేకు వెనక సూర్యుడు లేడు. అక్కడ వెలుగు కావాలంటే చేత్తో గీకి, రుద్ది, నలుపును వెనక్కి నెట్టి సంపాదించుకోవాలి. ఎలా సంపాదించాడో కొద్దిసేపట్లో చెబుతాను. ముందు బొమ్మల దగ్గరికి వెళదాం.

18వ ప్లేట్ నుంచి 21వ ప్లేట్ వరకు నాలుగింటిని వరసగా చూడమని నా మనవి. రువో ఒక్కొక్క బొమ్మ కింద ఒక వాక్యం రాశాడు. కొన్నిచోట్ల ఆ వాక్యం ఒక బొమ్మతో ముగియకుండా తరువాతి బొమ్మలోకి నడుస్తుంది. 18వ దాని కింద “శిక్షపడినవాడు వెళ్లిపోయాడు” అని ఉంది. 19వ దాని కింద “అతని లాయరు డొల్ల మాటలతో, తన మనిషికి ఏమీ తెలియదని ఎలుగెత్తి చెబుతాడు” అని ఉంది. 20వ దాని కింద “అక్కడ మరచిపోయిన సిలువమీది యేసు పాదాల చెంత” అనే అర్థం వచ్చే మాటలున్నాయి. 21వ బొమ్మకు వచ్చేసరికి లాయరు లేడు, కోర్టు లేదు, బైబిలులోని యెషయా ప్రవచనంలోని వాక్యం ఒక్కటే మిగిలింది: “బాధింపబడినను అతడు నోరు తెరువలేదు.”

ఇక్కడ ఏం జరిగిందో గమనించండి. ఒకప్పుడు ఫ్రెంచ్ న్యాయస్థానాల గోడమీద సిలువ వేలాడుతూ ఉండేది. రోజూ చూసే వస్తువు కాబట్టి దానివైపు ఎవరూ కన్నెత్తి చూసేవారు కాదు. రువో చేసిన పని ఆ గోడమీది సిలువను కిందికి దించి బోనులో నిలబెట్టడం. శిక్షపడి వెళ్లిపోయిన వాడి మౌనమూ గోడమీద మరచిపోయిన వాడి మౌనమూ నాలుగో బొమ్మకు వచ్చేసరికి ఒకటే మౌనం అయిపోయాయి. ఇద్దరిలో ఎవరి గురించి ఆ వాక్యం చెప్పాడని అడిగితే జవాబు లేదు. ఆ జవాబు లేకపోవడంలోనే ఈ నాలుగు బొమ్మల బలమంతా ఉంది.

రువోకు కోర్టుల సంగతి విని తెలిసింది కాదు. 1907, 1908 ప్రాంతాల్లో ప్రాసిక్యూటర్ కార్యాలయంలో పనిచేసే ఒక స్నేహితుడి వెంట పారిస్ న్యాయస్థానాలకు వెళ్లి కూర్చునేవాడు. ఆ రోజుల్లో అతను వేసిన న్యాయమూర్తుల ముఖాలు ఎర్రగా ఉబ్బి, మొద్దుబారి, చూడడానికే భయంగా ఉంటాయి. జనం వాటిని వ్యంగ్య చిత్రాలనుకున్నారు. దొమియే వేసిన లాయర్లను చూసి నవ్వినట్టు వీటిని చూసి కూడా నవ్వాలనుకున్నారు. రువో దానికి ఒప్పుకోలేదు. ఒక మనిషి మరో మనిషికి తీర్పు చెప్పడం చూస్తే తనకు కలిగే వేదనే ఆ ముఖాల్లోకి వచ్చిందనీ, లోకంలోని సిరిసంపదలన్నీ ఇస్తామన్నా తాను న్యాయమూర్తి స్థానంలో కూర్చోలేననీ చెప్పాడు. దొమియేకూ రువోకూ ఉన్న తేడా నాకు ఇక్కడ కనబడుతుంది. దొమియేకు లాయరు ఎదుటి మనిషి, అతన్ని చూసి నవ్వవచ్చు. రువోకు ఆ కుర్చీ తనకోసం కూడా ఖాళీగా ఉన్న కుర్చీ, అందుకే అది అతన్ని భయపెట్టింది.

ఈ మాటను ఇంకా స్పష్టంగా చెప్పే బొమ్మ 8వది. దాని కింద ఉన్న వాక్యాన్ని “ముఖానికి రంగు వేసుకోనివారు ఎవరు?” అని తెలుగు చేయవచ్చు. బొమ్మలో సర్కస్ విదూషకుడు ఉన్నాడు. ముఖం దాదాపు కాగితాన్నంతా నింపేస్తుంది. కనుబొమలు, ముక్కు, దవడ అన్నీ చీపురుపుల్లంత లావు నల్ల గీతలతో కట్టి ఉన్నాయి. కళ్లు మన కళ్లను కలవవు. నోటి చివరలు కిందికి జారి ఉన్నాయి. నవ్వించడమే వృత్తిగా బతికేవాడి ముఖంలో నవ్వు ఆనవాలు కూడా లేదు.

ఈ ముఖం వెనక ఒక సంఘటన ఉంది. చాలా ఏళ్లకు ముందు ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో రువో దాన్ని వివరించాడు. దారి పక్కన దేశదిమ్మరుల బండి ఒకటి ఆగి ఉంది. బక్కచిక్కిన ముసలి గుర్రం ఉన్న కాస్త గడ్డీ మేస్తోంది. బండి మూలన ముసలి విదూషకుడు ఒకడు కూర్చుని, తళుకులు కుట్టిన తన రంగురంగుల దుస్తులకు చిరుగులు కుట్టుకుంటున్నాడు. ఇతరులను సంతోషపెట్టడానికి మెరిసే ఆ బట్టకూ, దాన్ని వేసుకునే మనిషి అంతులేని దిగులుకూ మధ్య ఉన్న దూరం చూసి రువో చలించిపోయాడు. అంతవరకూ మామూలు సానుభూతే. తరువాత అతను అన్న మాట మామూలుది కాదు. ఆ విదూషకుడు నేనే, మేమే, ఇంచుమించు మనమందరమూ అని తనకు స్పష్టంగా తెలిసిందని రాశాడు. తళుకుల దుస్తులు జీవితం మనందరికీ తొడిగినవేనని అతని భావం. 8వ ప్లేట్‌కు ముందున్న రెండు బొమ్మల వాక్యం కూడా ఇదే మాటను మరో దారిలో చెబుతుంది. 6వదాని కింద “మనం శిక్ష అనుభవించే ఖైదీలం కామా” అని, 7వదాని కింద “రాజులమని అనుకుంటూ” అని ఉంది. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కిరీటం పెట్టుకున్నవాడి ముఖానికీ, తల వంచుకున్న ఖైదీ ముఖానికీ చుట్టరికం కనబడుతుంది.

14వ బొమ్మ దగ్గర ఒకే ఒక మాటమీద కాసేపు ఆగాలి. వేశ్యను ఫ్రెంచ్‌లో మర్యాదగా ‘సంతోషపు పిల్ల’ అంటారు. మన భాషలో కూడా ‘భోగం మనిషి’ అనే మాట ఉండేది. భోగం ఎవరిదో, ఆ మాట ఎవరికి అంటుకుందో మనకు తెలుసు. రువో ఆ ఫ్రెంచ్ మాట మధ్యలో ఒక చిన్న పదం చేర్చాడు: ‘సంతోషపు పిల్ల అని పిలవబడే ఆమె’. అంతే. బొమ్మలోని శరీరానికి ఆ పేరుతో ఏ సంబంధమూ లేదు. ఆ తరువాతి బొమ్మ కింద “ఒకప్పుడు తాజాగా ఉన్న నోట్లో చేదు” అని రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, 1903 నుంచి కొన్నేళ్లపాటు, అతను నీటిరంగుల్లో వేసిన వేశ్యల బొమ్మల్లో కోపం ఉంది, జుగుప్స కూడా ఉందని కొందరు అన్నారు. ఇక్కడికి వచ్చేసరికి ఆ చెయ్యి మారింది.

నా వాదనకు ఎదురు నిలిచే బొమ్మలు కూడా ఇందులో ఉన్నాయని నిజాయితీగా ఒప్పుకోవాలి. 16వ ప్లేట్‌లో “ఎగువపేట దొరసాని స్వర్గంలో తనకు సీటు రిజర్వ్ అయిందనుకుంటోంది” అంటాడు. అక్కడ అతను తీర్పు చెబుతున్నాడు, సందేహం లేదు. గర్వపు మెడల మీద, ధనవంతుల భక్తి మీద అతనికి చివరిదాకా ఓర్పు లేకపోయింది. అయినా ఆ దొరసాని నలుపు కూడా ఖైదీ నలుపు పోసిన సీసాలోంచే వచ్చింది. ఆమెకోసం అతను వేరే సిరా, వేరే గీత వాడలేదు.

ఇప్పుడు ఆ నలుపు ఎలా తయారైందో చూద్దాం. విద్యార్థులు ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినాలి.

1912లో తండ్రి చనిపోయిన తరువాత రువో ఈ బొమ్మలను ఇండియన్ ఇంకుతో కాగితం మీద మొదలుపెట్టాడు. చిత్రాల వ్యాపారి అంబ్రువాజ్ వొలార్ 1913లో అతని స్టూడియోలో ఉన్న పనినంతా కొనేశాడు, కొన్నేళ్లకు అతని చిత్రాలమీద పూర్తి హక్కు పొందాడు. వొలార్ కోరికమీద ఇంకు బొమ్మలు రంగుల బొమ్మలుగా మారాయి. తరువాత ఆ బొమ్మలను ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో రాగి ప్లేట్లమీదికి ఎక్కించారు. అంటే ఫోటో తీసి, ఆ ఛాయను రాగిమీద ఆమ్లంతో తినిపించారు. మరొకరైతే ఇక్కడితో ఆపి ముద్రణకు పంపేవారు. యంత్రం తెచ్చిన ఆ ఛాయలు రువోకు ప్రాణంలేనివిగా కనిపించాయి. అతను దాన్ని కేవలం అడుగు పొరగా తీసుకుని, ప్రతి ప్లేట్‌నూ మళ్లీ మొదటినుంచి చేత్తో పనిచేశాడు.

నలుపు ఛాయలు తెచ్చే ఆక్వాటింట్ పద్ధతిలో రాగిమీద రోసిన్ అనే చెట్టు జిగురు పొడి చల్లి వేడి చేస్తారు. పొడి గింజలు కరిగి రాగికి అంటుకుంటాయి. ప్లేట్‌ను ఆమ్లంలో ముంచితే గింజల మధ్యనున్న చోటు మాత్రమే తినబడుతుంది, ఆ సన్నని గుంటల్లో సిరా నిలుస్తుంది. ఆమ్లం ఎంత లోతుగా తింటే నలుపు అంత చిక్కగా, మఖమల్‌లా వస్తుంది. తెలంగాణ పల్లె మనుషులను ఎచింగుల్లో నిలబెట్టిన కె. లక్ష్మాగౌడ్ ముద్రలను దగ్గరగా చూసినవారికి ఈ రాగి, ఈ ఆమ్లం, ఈ నలుపు కొత్తవి కావు. అయితే రువో పద్ధతిగా ముంచి తీయడంతో ఆగలేదు. ఆమ్లాన్ని కుంచెతోనే నేరుగా రాగిమీద పూసేవాడు. నలుపు చాలనిచోట డ్రైపాయింట్ సూదితో, బ్యూరిన్ అనే చెక్కుడు పనిముట్టుతో గీసేవాడు, పళ్లచక్రంలాంటి రూలెట్‌ను దొర్లించేవాడు. వెలుగు కావలసినచోట గీకుడు కత్తితో, ఆకురాయితో, గరుకు కాగితంతో రాగిని అరగదీసి, గుంటలను పూడ్చి నున్నగా చేసేవాడు. సిరా నిలవలేని ఆ నున్నటి చోటే కాగితంమీద తెలుపవుతుంది. అందువల్ల ఈ బొమ్మల్లో నుదుటిమీద, భుజంమీద మనం చూసే తెలుపు చాలాచోట్ల కాగితం ఊరికే ఇచ్చినది కాదు, చెయ్యి నొప్పిపుట్టేదాకా అరగదీసి తెచ్చుకున్నది.

నేను ఈ ముద్రల్లో కొన్నిటిని ఒక ప్రదర్శనశాలలో అద్దం లేకుండా చూడగలిగాను. అప్పుడు ముఖాలకన్నా ముందు నా కళ్లు అంచుల దగ్గరికి వెళ్లాయి. ప్రెస్ కింద రాగి ప్లేట్ నొక్కిన చోట కాగితం కొంచెం లోపలికి దిగి, చుట్టూ చిన్న గట్టులా ఉంటుంది. ఆ గట్టుకు లోపలివైపు రువో చాలా బొమ్మలకు ఒక చట్రం గీశాడు. ఆ చట్రం ఎక్కడా స్కేలు పెట్టి గీసినట్టు ఉండదు, మట్టి గోడకు తీసిన గూటి అంచులా వంకరటింకరగా ఉంటుంది. తల పక్కకు వంచి ఏటవాలుగా చూస్తే నల్లని భాగాల్లో సిరా మందంగా పొడుచుకొచ్చి కనబడింది. తెల్లని భాగాల్లో ఆకురాయి గీతలు ఒకే దిశలో, పొలంలో నాగలి చాళ్లలా ఉన్నాయి. అక్కడ నిలబడితే మనిషి చెయ్యి ఎటునుంచి ఎటు కదిలిందో తెలుస్తుంది. ఫోటోల్లో, తెరమీద ఈ బొమ్మలు చదునుగా కనిపిస్తాయి. కాబట్టి నేను ఈరోజు చూపించే స్లైడ్లను ఆనవాళ్లుగా మాత్రమే చూడండి. అవకాశం దొరికితే అసలు ముద్ర ముందు ఒక గంట నిలబడండి.

తృప్తి లేక కొన్ని ప్లేట్లను పన్నెండు, పదిహేను దశల వరకు మళ్లీమళ్లీ మార్చానని రువో స్వయంగా ‘మిసెరేరే’ ముందుమాటలో రాశాడు. చాలా ప్లేట్లమీద 1922, 1923, 1926 అని సంవత్సరాలు రాగిలోనే గీసి ఉన్నాయి. ముద్రణ 1927 నాటికి పూర్తయింది, ఒక్కొక్క బొమ్మకు 450 ప్రతులు తీశారు. అయినా పుస్తకం బయటికి రాలేదు. మొదటి ఆలోచన ప్రకారం ‘మిసెరేరే’, ‘యుద్ధం’ అని రెండు సంపుటాలు, ఒక్కొక్కదానిలో 50 బొమ్మలు రావాలి. వాటికి రచయిత, మిత్రుడు ఆంద్రే స్వారెస్ వచనం రాయాలి. ఆ వచనం రాలేదు. అందువల్ల బొమ్మల కింద రువో రాసుకున్న వాక్యాలే మిగిలాయి. ఒకరకంగా అది మన అదృష్టం. ఆ కురచ వాక్యాల పక్కన నిండు వచనం ఉండి ఉంటే బొమ్మలు నోరు మూసుకునేవి.

1939లో వొలార్ కారు ప్రమాదంలో చనిపోయాడు. వెంటనే రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. వొలార్ వారసులు తాళం వేసిన గదుల్లో రువో అసంపూర్ణ చిత్రాలు వందల కొద్దీ చిక్కుకుపోయాయి. రువో కోర్టుకెక్కాడు. చిత్రకారుడు పూర్తయిందని తేల్చి అప్పగించనంతవరకు చిత్రం అతనిదేనని 1947లో తీర్పు వచ్చింది. ఫ్రాన్స్‌లో కళాకారుల హక్కుల చరిత్రలో అది మైలురాయిగా నిలిచింది. తిరిగివచ్చిన చిత్రాల్లో 315ను, ఇక పూర్తిచేసే వయసు తనకు లేదని, 1948 నవంబరులో సాక్షుల ఎదుట కొలిమిలో వేసి కాల్చేశాడు. సరిగ్గా అదే నెలాఖరులో పారిస్‌లో మిసెరేరే ప్రదర్శన మొదలైంది. అప్పటికి అతనికి 77 ఏళ్లు. గురువు మొరోకూ, ధైర్యశాలి అయిన తన తల్లికీ ఆ గ్రంథాన్ని అంకితమిచ్చాడు.

రెండో భాగం యుద్ధం. 34వ ప్లేట్ నుంచి చివరిదాకా ఇది నడుస్తుంది. మొదలే లాటిన్ కవి లూకన్ నుంచి తీసుకున్న మాట: “శిథిలాలు కూడా నశించాయి.” 36వ బొమ్మ కింద “ఇదే ఆఖరుది అవుతుంది, నాన్నా!” అని ఉంది. 1914లో యుద్ధానికి వెళ్లిన కుర్రవాళ్లు నమ్మిన మాట అది. ఈ బొమ్మలు జనం చేతికి వచ్చే సమయానికి ఆ ‘ఆఖరుది’ అయిపోయి, రెండోది కూడా అయిపోయింది. 1948లో ఆ గదిలోకి వచ్చినవారు ఆ ఒక్క వాక్యం దగ్గర ఎలా నిలబడి ఉంటారో నేను తరచూ ఊహించుకుంటాను.

51వ ప్లేట్ కింద “రీంస్ చిరునవ్వుకు దూరంగా” అని ఉంటుంది. రీంస్ పట్టణపు కథెడ్రల్ ద్వారం దగ్గర పదమూడో శతాబ్దపు దేవదూత విగ్రహం ఒకటి చిరునవ్వుతో నిలబడి ఉంటుంది. 1914 సెప్టెంబరులో జర్మన్ ఫిరంగి దాడిలో కథెడ్రల్‌కు నిప్పంటుకున్నప్పుడు ఆ దేవదూత తల విరిగి కిందపడింది. ఆ పగిలిన చిరునవ్వు ఫ్రాన్స్ దేశమంతటా యుద్ధ దుఃఖానికి గుర్తుగా మారింది. రువో బొమ్మలో ఆ చిరునవ్వు ఎక్కడా కనిపించదు, వాక్యంలో మాత్రమే ఉంటుంది. లేనిదాన్ని పేరుతో పిలిచి, దాని లేమిని మన కళ్లముందు నిలపడం అతనికి తెలుసు. 54వ బొమ్మలో అస్థిపంజరాలు లేచి నిలబడతాయి. దాని కింది వాక్యం “చచ్చినవాళ్లారా, లేవండి!” 1915లో కందకంలో ఒక ఫ్రెంచ్ సైనికుడు అరిచాడని దేశమంతా మార్మోగిన వీరాలాపం అది. పత్రికలు దాన్ని గర్వంగా అచ్చువేశాయి. రువో దాన్ని అక్షరాలా తీసుకుని, నిజంగానే చచ్చినవాళ్లను లేపి చూపించాడు. శత్రువు ఎవరు, మనవాడు ఎవరు అన్నది ఆ ఎముకలను చూసి చెప్పగలరా?

ఇక 46వ ప్లేట్. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకోవడానికి సగం కారణం ఇదే. దీని కింద రువో రాసిన వాక్యం: “నీతిమంతుడు గంధపుచెట్టులాగా, తనను నరికే గొడ్డలికి పరిమళం అంటిస్తాడు.” ఈ మాట విన్న తెలుగువారిలో చాలామందికి సంస్కృత సుభాషితం వెంటనే నోటికి వస్తుంది: “ఛేదేఽపి చందనతరుః సురభయతి ముఖం కుఠారస్య.” నరుకుతున్నప్పుడు కూడా చందనవృక్షం గొడ్డలి అంచును సువాసనతో నింపుతుందని. బెల్‌విల్ నేలమాళిగలో పుట్టిన క్యాథలిక్ చిత్రకారుడు, ఒకవైపు యెషయానూ మరోవైపు లాటిన్ కవులనూ పెట్టుకుని, వాటి మధ్యన మన అడవి చెట్టును నిలబెట్టాడు. ఫ్రాన్స్‌లో గంధం చెట్టు పెరగదు. ఆ చెట్టును నరికిన గొడ్డలి వాసన అతనెన్నడూ చూసి ఉండడు. అయినా యుద్ధంమీద చేసిన బొమ్మల మధ్య, గొడ్డలి పట్టినవాడి గురించి ఒక్క దుర్భాషైనా లేని ఆ వాక్యాన్నే ఎంచుకున్నాడు. ఆ వాక్యంలో నరికేవాడికి శిక్ష లేదు, శాపం లేదు. గొడ్డలి ఇంటికి వెళ్లాక కూడా దానికి ఆ వాసన ఉంటుంది, అంతే. కోర్టులో కూర్చుని వేదనపడిన మనిషి, న్యాయమూర్తి కుర్చీ వద్దన్న మనిషి, చివరికి చేరుకున్న చోటు ఇదని నాకు అనిపిస్తుంది.

విద్యార్థుల్లో ఒకరు ఉదయం నన్ను, ఇవి ఇంత చీకటిగా ఉంటే చూడ్డానికి నిరాశగా ఉండదా అని అడిగారు. మంచి ప్రశ్న. 11వ ప్లేట్ చూడమని చెప్పాను. దాని కింద “రేపు బాగుంటుంది, అన్నాడు ఓడ మునిగినవాడు” అని ఉంది. ఈ వాక్యాన్ని కొందరు వెటకారంగా చదువుతారు. నేను అలా చదవను. 29వదాని కింద “ప్రభాత కీర్తన పాడండి, పగలు మళ్లీ పుడుతోంది” అనీ, 55వదాని కింద “కళ్లులేనివాడు కొన్నిసార్లు కళ్లున్నవాడిని ఓదార్చాడు” అనీ రాసినవాడు, మునిగినవాడి ఆశను ఎగతాళి చేస్తాడని నేను నమ్మలేను. పైగా ఆకురాయి పట్టుకుని పదిహేనోసారి ఒక నుదుటిమీద కొంచెం తెలుపును తెచ్చేవాడు నిరాశలో ఉన్నవాడు కాదు. నిరాశపడినవాడు మూడోసారికే ప్లేట్‌ను పక్కన పడేస్తాడు.

58వ ప్లేట్‌తో నా మాట ముగిస్తాను. అది ముళ్లకిరీటంతో ఉన్న క్రీస్తు ముఖం, మనకు ఎదురుగా. దాని కింది వాక్యం కూడా యెషయాదే, తెలుగులో ఇలా ఉంది: “అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది.” దెబ్బలు అన్న మాటను రాగిమీద ఆమ్లంతో, సూదితో, కత్తితో దెబ్బలు కొట్టి చేసిన బొమ్మ కింద చదువుతున్నామని మాత్రం మరవకండి. నిర్వాహకులు దయచేసి హాలులో దీపాలు ఆర్పి ఈ ఒక్క బొమ్మను తెరమీద ఉంచితే, ప్రశ్నలకు వెళ్లేముందు కొద్ది నిమిషాలు అందరం దీన్ని చూద్దాం.